అప్‌డేట్: పాప గోళ్లు ఊడిపోతున్నాయని అడిగాను కదా

మా నాలుగేళ్ల పాపకు అరచేతుల్లో, అరికాళ్లలో, నోట్లో పొక్కులు వచ్చి తగ్గిన నెలకు గోళ్లు ఊడుతున్నాయని, ఇది కాల్షియం లోపమా అని రెండు నెలల క్రితం అడిగాను. ధైర్యం చెప్పిన అందరికీ కృతజ్ఞతలు.

కాల్షియం లోపం కాదు. మొదట చూసిన వైద్యుడు ఫంగస్ అని పూతమందు రాశారు. గుణం కనిపించలేదు. తర్వాత వెళ్లిన చర్మవైద్యురాలు పాప వేలు వెలుతురులో పెట్టి చూసి, "జ్వరం ఎప్పుడు వచ్చింది?" అని అడిగారు. అసలు సంగతి అదే. అరచేతుల్లో, అరికాళ్లలో, నోట్లో పొక్కులు తెచ్చే 'హ్యాండ్, ఫుట్ అండ్ మౌత్' వ్యాధికి కారణమైన వైరస్‌లలో ఒకటైన కాక్సాకీ ఏ6 సోకాక కొన్నిసార్లు ఇలా జరుగుతుంది. గోరు మొదట్లో పెరుగుదల కొన్నాళ్లు ఆగుతుంది. మళ్లీ మొదలైన కొత్త గోరు పాతదాన్ని ముందుకు నెట్టేస్తుంది. 2008లో ఫిన్లాండ్‌లో ఈ వ్యాధి ప్రబలినప్పుడు చాలామంది పిల్లలకు ఇలాగే గోళ్లు ఊడాయి.

టీకా గురించి అడిగినవారికి: చైనాలో వాడుతున్నది ఇదే వ్యాధిని తెచ్చే మరో వైరస్ అయిన ఎంటరోవైరస్ 71కి మాత్రమే, కాక్సాకీ రకాలను ఆపదు.

నన్ను ఎక్కువగా భయపెట్టింది మా చంటివాడి సంగతి. పొక్కులు మానినా వైరస్ మలంలో వారాల తరబడి ఉంటుందట. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పాపను కడిగిన ప్రతిసారీ సబ్బుతో చేతులు రుద్దుకున్నాకే వాడిని ఎత్తుకున్నాను. వాడికి ఏమీ కాలేదు.

ఆ పూతమందు తప్ప పాపకు మందులేవీ వాడలేదు. నిన్న స్నానం చేయిస్తుంటే పాప బొటనవేలు చూపించింది. బియ్యపు గింజంత కొత్త గోరు, గులాబీ రంగులో నున్నగా మెరుస్తోంది.