మేక పెంటికలు చివకడం లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లె. పెరట్లో వంగ, బెండ, మిరప, నాలుగు అరటి పిలకలు ఉన్నాయి. పక్కింటి బాబాయిగారు మేకల పాక ఊడ్చినప్పుడల్లా రెండు బస్తాల పెంటికలు ఇస్తారు. ఆవు పేడ కంటే వీటిలో నత్రజని ఎక్కువ, తడి తక్కువ. అందుకే వదులుకోబుద్ధి కావడం లేదు.

కానీ మూడు నెలల కిందట వేసిన కుప్ప అలాగే ఉంది. నిన్న ఒక పెంటిక గోటితో చిదిపి చూశాను. పైన నల్లగా గట్టి పెంకు, లోపల నశ్యంలా పొడి. నీళ్లు చల్లితే పైనుంచే జారిపోతున్నాయి. గొయ్యి తీద్దామంటే వానాకాలంలో రెండడుగులకే నీరూరుతుంది, అడుగున కుళ్లు వాసన. తొందరపడి మిరప మొదళ్లలో వేశాను. ఆకుల అంచులు మాడాయి, పైగా మొక్కకు రెండు చొప్పున తుమ్మ మొలకలు లేచాయి. మేకలు తిన్న కాయల గింజలే అవి. ఆ మిరప నారు నేనే పోసుకున్నది, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

పెంటికల్ని ఒక రోజు నానబెట్టి, చితక్కొట్టి కుప్ప వేస్తే త్వరగా చివుకుతాయా? ఎండు అరటాకులు, కొబ్బరి పొట్టు మాకు కావలసినంత. ఏ పాళ్లలో కలపాలి? గింజలు చావాలంటే కుప్ప లోపల 55 డిగ్రీలు దాటాలి కదా, మూడడుగుల కుప్ప అంత వేడెక్కుతుందా? కడియం వైపు నర్సరీల్లో పనిచేసినవారెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. తొలకరిలోపు కుప్ప తిరగేయాలి.