సౌదీ ఆసుపత్రిలో ఉన్న మా బావను ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. మా బావ దమ్మామ్‌లో వెల్డరు, వయసు 43. గత నెల 9న రాత్రి డ్యూటీలో బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట రావడం లేదు. ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. వీడియో కాల్‌లో పాప గొంతు వింటే ఎడమ చెయ్యి ఎత్తుతున్నాడు. స్ట్రెచర్ మీద ప్రయాణం చేయించొచ్చని డాక్టరు రాసిచ్చారు.

అసలు చిక్కు ఇఖామా, అంటే సౌదీలో ఉండటానికి ఇచ్చే నివాస అనుమతి కార్డు. మార్చిలోనే గడువు తీరిపోయింది. రెన్యూ చేయించాల్సింది కంపెనీయే, చేయించలేదు. దాంతో ఇన్సూరెన్స్ కూడా లేదు, ఆసుపత్రి బిల్లు పెరుగుతోంది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉంది. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు పని చేయించుకుని, మంచాన పడ్డాక ఫోన్ ఎత్తకపోవడం చాలా అన్యాయం. పంపించిన ఏజెంటు నంబరు స్విచాఫ్.

మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాం. రియాద్‌లోని మన ఎంబసీకి ఇఖామా కాపీ, మెడికల్ రిపోర్టు మెయిల్ చేశాం. కంపెనీకి రాశామని జవాబొచ్చింది, కంపెనీ మాత్రం పలకడం లేదు. రూమ్‌మేట్లు వెళ్లి అడిగితే గేటు దగ్గరే ఆపేశారు. స్ట్రెచర్ టికెట్, వెంట నర్సు ఖర్చుకి ఎంబసీ సంక్షేమ నిధి నుంచి సాయం అడగొచ్చని తెలిసింది, కానీ ముందు ఎగ్జిట్ (సౌదీ వదిలి వెళ్లే అనుమతి) రావాలి కదా. అక్క టెన్షన్‌తో అన్నం కూడా సరిగా తినడం లేదు.

ఇఖామా గడువు తీరిన పేషెంట్‌కి కంపెనీ సంతకం లేకుండా ఫైనల్ ఎగ్జిట్ తెప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడ ఏ ఆఫీసులో, ఏ కాగితాలతో పని జరిగిందో దయచేసి చెప్పగలరా?