అచీవ్‌లో దాగిన తల

ప్రశ్న: ఇంగ్లీషులో అచీవ్‌కీ చీఫ్‌కీ చుట్టరికం ఉందంటారు. నిజమేనా? సాధించడానికీ నాయకుడికీ పొత్తు ఎలా కుదిరిందండీ?

జవాబు: నిజమేనండీ. కాకపోతే చీఫ్ అంటే ఇక్కడ నాయకుడు కాదు, తల. తల అనే అర్థమున్న లాటిన్ మాట కాపుట్ పాత ఫ్రెంచిలో చీఫ్ అయింది. పని 'తలకు రావడం' అంటే కొస ముట్టడం. ఆ పలుకుబడి నుంచే పూర్తిచేయడం అనే అర్థంలో క్రియ పుట్టి, 14వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరింది. అదే క్రియ నేటి ఫ్రెంచిలో అషెవే, దానికి ఇప్పటికీ ముగించడమనే అర్థం. మనిషి విషయంలో వాడితే ప్రాణం తీయడం. మన 'తుదముట్టించు' కూడా అచ్చం ఇంతే. కష్టపడి సాధించడమనే ఛాయ ఇంగ్లీషులో బలపడింది.

ప్రశ్న: మరి మనం 'తలపెట్టాడు' అంటే మొదలెట్టాడనే కదా?

జవాబు: అవును, మనకి తల ఈ కొస, వాళ్లకి ఆ కొస! ఈ కుటుంబంలోదే మిస్చీఫ్: 'మెస్' అంటే చెడు, కాబట్టి మొదట్లో దానర్థం ఆపద, కీడు. పిల్లల అల్లరి తర్వాత వచ్చిన అర్థం. కర్చీఫ్ అంటే తలని కప్పేది. చేతిలోకి వచ్చాక ముందు 'హ్యాండ్' తగిలించారు. మనం ఆ హ్యాండ్‌ని వదిలేసి, పేరుకి తలగుడ్డని జేబులో పెట్టుకుంటున్నాం.

ఇంకొకరు: వాడుక గురించి ఒక మాట. అచీవ్‌కి కర్మగా నామవాచకం కావాలి: గోల్, రిజల్ట్, సక్సెస్ లాంటివి. 'అచీవ్డ్ టు ఫినిష్' తప్పు. 'మేనేజ్డ్ టు ఫినిష్' అనాలి, లేదా 'సక్సీడెడ్ ఇన్ ఫినిషింగ్'. పతకానికి, బహుమతికి విన్ వాడాలి. తెలుగులో పతకమూ లక్ష్యమూ రెండూ 'సాధిస్తాం' కాబట్టే మనవాళ్లు ఇక్కడ జారుతుంటారు. స్పెల్లింగులోనూ ఐ ముందు, ఈ తర్వాత. చీఫ్ గుర్తుంటే తారుమారు కాదు.

ప్రశ్న: అయితే సాధించుకి ప్రతిసారీ అచీవ్ పనికిరాదన్నమాట.

జవాబు: అస్సలు రాదు. లెక్క సాధిస్తే సాల్వ్. ఇక 'రోజూ నన్ను సాధిస్తున్నాడు' అంటే, అది న్యాగింగ్!