నాన్‌ఫిక్షన్ వెతకడానికి రేటింగులు, టాప్ లిస్టులు నిజంగా పనికొస్తాయా?

పేజీమడత:
ముందే చెప్తున్నా, కాస్త చిరాకులో రాస్తున్నాను. చదివిన పుస్తకాల పేర్లన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు నాకు. నిన్న రాత్రి కూర్చుని లెక్కపెడితే రెండేళ్లలో 31 తేలాయి, అందులో 19 అలవాట్లు, మెదడు, డబ్బు ఈ మూడింటి చుట్టూనే. నేనేమో అన్ని రకాలూ చదువుతున్నాననుకుని మురిసిపోతున్నా! అన్నీ రేటింగ్ నాలుగు దాటిందా లేదా చూసి, 'తప్పక చదవాల్సిన 50' లాంటి లిస్టుల్లోంచి ఏరుకున్నవే. మట్టి గురించి, వంతెనల గురించి, అంటువ్యాధుల చరిత్ర గురించి ఒక్కటంటే ఒక్కటి లేదు. అందుకే నా వాదన: లిస్టులూ రేటింగులూ గానుగెద్దులా మనల్ని అక్కడక్కడే తిప్పుతాయి. నచ్చిన పుస్తకం చివర ఉండే గ్రంథసూచి, ఫుట్‌నోట్లు పట్టుకుని పోవడమే దారి. కాదనేవాళ్లు చెప్పండి.

లెక్కలమాస్టారు:
నేను కాదంటాను. తప్పు లిస్టులది కాదండీ, మీరు ఎంచుకున్న లిస్టులది. అమ్మకాలు చూసి కట్టిన లిస్టులో అమ్ముడుపోయేవే ఉంటాయి, అందులో వింతేముంది? 'ఇది కొన్నవాళ్లు అది కూడా కొన్నారు' అని సైటు చూపించేది కూడా అంతే. ఏ రెండు పుస్తకాలు ఎక్కువ మంది చేతుల్లో జంటగా పడ్డాయో అది లెక్క వేస్తుంది, మీకు వంతెనలు నచ్చుతాయేమో అని ఆలోచించదు. బహుమతుల తుది జాబితాలు చూడండి. రాయల్ సొసైటీ సైన్స్ పుస్తకాల బహుమతి 1988లో మొదలైంది, పులిట్జర్‌లో జనరల్ నాన్‌ఫిక్షన్ విభాగం 1962 నుంచి ఉంది. గెలిచినవాటిని పక్కన పెట్టి, గెలవనివాటిని పదేళ్లవి తిరగేస్తే మీరు కలలో కూడా అనుకోని సబ్జెక్టులు దొరుకుతాయి.

ఇక మీ ఫుట్‌నోట్ల దారిలో పెద్ద చిక్కుంది. అవి వెనక్కే తీసుకెళ్తాయి. 2005లో వచ్చిన పుస్తకం 2015లో రాబోయే పుస్తకం పేరు చెప్పలేదు కదా. పైగా రచయిత తన వాదనకు పనికొచ్చేవాళ్లనే ఎక్కువగా ఉదహరిస్తాడు. అదీ గానుగే.

పేజీమడత:
వెనక్కే పోతాయన్నది ఒప్పుకుంటా. కానీ దానికి మందు ఎప్పుడో కనిపెట్టారు. ఒక రచనని తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూపించే సూచిక యూజీన్ గార్ఫీల్డ్ 1964లోనే తెచ్చాడు, ఇప్పుడు గూగుల్ స్కాలర్‌లో (పరిశోధన రచనలు వెతికే సైటు) పుస్తకం పేరు కొడితే కింద ఆ లింకు ఉంటుంది, పుస్తకాలకీ పనిచేస్తుంది. తన వాళ్లనే ఉదహరిస్తాడన్నది మాత్రం నిజం. అయినా తిట్టడానికైనా ఎదుటివాడి పేరు రాయాలి కదా, నేను ఆ తిట్లున్న ఫుట్‌నోట్లే ముందు చదువుతా :)

పాత అట్ట:
ఇద్దరూ స్క్రీన్ ముందే కూర్చుని మాట్లాడుతున్నారు, లైబ్రరీ అరల దగ్గరికి ఒకసారి వెళ్లండి. పేజీమడత గారూ, డ్యూయీ వర్గీకరణ (విషయాన్ని బట్టి లైబ్రరీ పుస్తకాలకి నంబర్లిచ్చే పద్ధతి, 1876 నుంచి వాడుతున్నది) ప్రకారం మీ 19 పుస్తకాలు ఎక్కడుంటాయో తెలుసా? అలవాట్లవి 158 దగ్గర, సొంత డబ్బు నిర్వహణ 332 దగ్గర, మెదడు 612.8లో. మరి మీరు లేవంటున్నవి? అంటువ్యాధులు 614.4, వంతెనలు 624.2, మట్టి 631.4. అంటే మెదడు పుస్తకం తీసుకున్న అరలోనే కాస్త కుడివైపుకి నడిస్తే మీకు కావలసినవన్నీ ఉన్నాయి! రేటింగ్ చూసి, నంబరు రాసుకుని, ఆ ఒక్కటీ లాక్కుని వచ్చేస్తే పక్కవి కనిపించవు.

ఫారడే సంగతి గుర్తుందా. 1805లో పుస్తకాలు బైండింగ్ చేసే చోట అప్రెంటిస్‌గా చేరాడు, బైండింగ్‌కి ఏది వస్తే అది చదివాడు. ఎన్‌సైక్లోపీడియాలో విద్యుత్తు మీద వ్యాసం, జేన్ మార్సెట్ రాసిన కెమిస్ట్రీ పుస్తకం అలా చేతికొచ్చినవే. ఆయనకి ఎవడూ లిస్టు ఇవ్వలేదు.

లెక్కలమాస్టారు:
బైండింగ్ షాపుల్లో పనిచేసి ఫారడే కాని కుర్రాళ్ల లెక్క ఎవరు చూస్తారు సార్? ఆ ఒక్కడి పేరే మనకి తెలుసు. అరకీ ఒక జబ్బుంది: ఒక పుస్తకానికి ఒకే చోటు. ఉప్పు మీద మంచి పుస్తకాలు కావాలంటే ఖనిజాల అరలో కొన్ని, రసాయన పరిశ్రమల దగ్గర కొన్ని, వంటల్లో కొన్ని, చరిత్రలో ఇంకొన్ని. ఏ అర ముందు నిలబడతారు? ఈ చిక్కు చూసే కదా మన లైబ్రరీ శాస్త్రవేత్త రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చింది, ఒక విషయాన్ని కోణాలుగా విడగొట్టి కలపడానికి. అది కూడా పుస్తకాన్ని రెండు అరల్లో పెట్టలేదనుకోండి.

పాత అట్ట:
అందుకే కేటలాగు. పుస్తకం రికార్డు తెరిస్తే కింద విషయ శీర్షికలు ఉంటాయి, ఒక్కోదానికి రెండు, మూడు, నాలుగు. మీకు తెలిసిన శీర్షిక వదిలేసి అసలు ఊహించనిదాని మీద నొక్కండి. నాకు తెలిసిన ట్రిక్కుల్లో ఇంత చవకైనది ఇంకోటి లేదు, అయినా ఎవరూ వాడరు, ఎందుకో.

అర్ధరాత్రి చదువరి:
అసలు ఇంత వెతుకులాట దేనికి అని నా డౌటు. రోజుకి అరగంట దొరుకుతుంది నాకు. పది సబ్జెక్టుల్లో తలో పుస్తకం చదివితే ఏ ఒక్కటీ ఒంటబట్టదు, నలుగురిలో మాట్లాడుకోవడానికి తప్ప. ఆ 19 కూడా వరసగా చదివితే ఒక విషయం లోతుగా తెలిసినట్టే కదా. వెడల్పు చదువు అనేది కొంచెం ఫ్యాషన్ అయిపోయింది.

నిదానం:
డార్విన్ 1838లో మాల్థస్ అనే ఆర్థికవేత్త రాసిన జనాభా వ్యాసం చదివింది కేవలం కాలక్షేపానికి, ఆ మాట ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. జీవుల మధ్య పోటీ గురించి ఆయన బుర్రలో తిరుగుతున్నదానికి దారి అక్కడ దొరికింది. విడిగా అదే పరిణామ సిద్ధాంతానికి చేరిన వాలెస్‌కీ అదే మాల్థస్. ఇద్దరూ వాళ్ల సబ్జెక్టులో ఎంత లోతుకి దిగినవాళ్లో చెప్పక్కర్లేదు, కానీ తాళంచెవి పక్కింట్లో ఉంది.

నేను రాయాలనుకున్నది మాత్రం రేటింగుల గురించి. కథల పుస్తకానికి రేటింగ్ అంటే నచ్చిందా లేదా, అంతవరకు సరే. నాన్‌ఫిక్షన్‌లో 'హాయిగా చదివించింది', 'చెప్పింది నిజం' అనేవి రెండు వేర్వేరు విషయాలు, నక్షత్రాలు మొదటిదానికే పడతాయి. సైకాలజిస్టు కానమన్ 2011లో రాసిన థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లోనే తీసుకోండి, గొప్ప పుస్తకం, నాకూ ఇష్టం. అందులో ప్రైమింగ్ మీద ఒక అధ్యాయం ఉంది, అంటే చిన్న చిన్న సంకేతాలు మనకి తెలియకుండానే మన ప్రవర్తనని మారుస్తాయని. 2015లో 100 సైకాలజీ ప్రయోగాలని మళ్లీ చేసి చూస్తే మూడో వంతుకి కాస్త పైన మాత్రమే స్పష్టంగా నిలబడ్డాయి. ఆ అధ్యాయం మీద విమర్శ వచ్చినప్పుడు 2017లో కానమనే, చిన్న ప్రయోగాల మీద అతిగా నమ్మకం పెట్టుకున్నానని ఒప్పుకున్నారు. అంత పెద్దమనిషి ఒప్పుకున్నా పుస్తకం మీది నక్షత్రాలు ఎక్కడివక్కడే. తిరగేసి చూస్తే ఇంకో కథ: ఖండాలు కదులుతాయని వెగెనర్ 1915లో పుస్తకం రాస్తే భూగర్భ శాస్త్రవేత్తలు చాలామంది కొట్టిపారేశారు, 1960ల దాకా. అప్పట్లో రేటింగులుంటే ఆయనకి ఎన్ని వచ్చేవో.

అందుకే తెలియని సబ్జెక్టులోకి వెళ్లేటప్పుడు నేను ముందు ప్రచురణ సంవత్సరం చూస్తా, తర్వాత ఏ విషయం ఏ పేజీలో ఉందో చెప్పే సూచిక. వెనక సూచికే లేని నాన్‌ఫిక్షన్ అంటే నాకు మొదటినుంచీ అనుమానం.

అర్ధరాత్రి చదువరి:
డార్విన్‌ని తెస్తే నేనేం మాట్లాడను. ఆయనకి ఉద్యోగం చేయాల్సిన అవసరం లేదండీ, ఆ సంగతి కూడా రాయండి. అయినా సంవత్సరం చూడాలన్నది బావుంది, నేనెప్పుడూ చూడలేదు.

పేజీమడత:
పది రోజుల తర్వాత వచ్చాను, సారీ. పాత అట్ట గారి మాట విని 614 దగ్గరికి వెళ్లా. కలరా మీద ఒకటి దొరికింది. 1854లో లండన్‌లో ఒక వీధి పంపు చుట్టూ జనం చనిపోతుంటే జాన్ స్నో అనే డాక్టరు చావుల్ని మ్యాపు మీద గుర్తులు పెట్టి నీళ్ల మీద అనుమానం నిరూపించడానికి చేసిన తంటాలు, చాలా బావుంది. దాని ఫుట్‌నోట్ల నుంచి మురుగు కాలువలకి వెళ్లా (మావారు పుస్తకం అట్ట చూసి ఏమీ అనలేదు, మొహం మాత్రం అదోలా పెట్టారు). ఆ కాలువలు కట్టించిన బజాల్‌గెట్ అనే ఇంజనీరే థేమ్స్ మీద హామర్‌స్మిత్, బాటర్‌సీ వంతెనలకి కూడా డిజైన్ చేశాడట! అలా వంతెనల దగ్గర తేలాను, 624.

లెక్కలమాస్టారు:
సంతోషం. నిజం చెప్పండి, ఆ కాలువల పుస్తకం తీసుకునే ముందు రేటింగ్ చూడలేదూ?

పేజీమడత:
చూశాను, అబద్ధమెందుకు. మూడున్నర. ఒకాయన ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి 'ఇటుకలు, సిమెంటు గురించి మరీ ఎక్కువ రాశాడు, నిద్రొచ్చింది' అని తిట్టాడు. ఆ తిట్టు చూసే తీసుకున్నా.