ఫోర్క్‌లిఫ్ట్ సామర్థ్యం ప్లేటు మీద 2,500 కిలోలు, పెట్టె 2,200 కిలోలే. మరి వెనక చక్రాలు ఎందుకు లేస్తున్నాయి?

ప్రశ్న
ఫోర్క్‌లిఫ్ట్ ప్లేటు మీద 2,500 కిలోలు, 500 మి.మీ. అని ఉంది. చెక్కపెట్టె పొడవు 2 మీటర్లు, వెడల్పు 1 మీటరు. పొడవు వెంట ఫోర్కులు దూర్చి ఎత్తాం. కదిలి బ్రేకు వేస్తే వెనక చక్రాలు నేల వదులుతున్నాయి. ఇద్దరిని వెనక కౌంటర్‌వెయిట్ (లోడుకి తూకంగా బండి వెనక ఉండే బరువు దిమ్మ) మీద నిలబెడితే సరిపోతుందా?

జవాబు 1
వద్దండీ, ఎవర్నీ ఎక్కించకండి. లేచిన వెనక భాగం దబ్బున దిగితే వాళ్లు కిందపడి చక్రం కిందికి పోతారు. పైగా మాస్ట్ (ఫోర్కుల్ని పైకెత్తే నిలువు చట్రం), చైన్లు మోయాల్సిన బరువు ఏమీ తగ్గదు.

ఆ 500 మి.మీ. అంకె చూడాలి. ఫోర్కు నిలువు ముఖం నుంచి లోడు బరువుకేంద్రం దాకా దూరం అది. మీ పెట్టెకి అది 1,000. బండి ముందు ఇరుసు మీద తక్కెడలా తూగుతుంది. ఇరుసు నుంచి ఫోర్కు ముఖం దాకా 450 మి.మీ. అనుకుంటే: 2,500 × 950 (450 + 500) = 23,75,000. దాన్ని 1,450తో (450 + 1,000) భాగిస్తే సుమారు 1,640 కిలోలు. మీరు 560 ఎక్కువ ఎత్తుతున్నారు! స్టీరింగు వెనక చక్రాలకే కాబట్టి అవి లేస్తే బండి తిప్పినా తిరగదు.

జవాబు 2
పెట్టెని పొడుగు పక్కనుంచి ఎత్తండి. అప్పుడు కేంద్రం 500కి వస్తుంది, ఫోర్కులు కూడా పెట్టె చివరిదాకా అందుతాయి. ఫోర్కుల్ని వీలైనంత ఎడంగా జరపండి. లోపల యంత్రం ఒక పక్కకి ఉంటే ఈ లెక్క తప్పుతుంది, పెట్టె మీద బరువుకేంద్రం గుర్తు వెతకండి. సైడ్ షిఫ్టర్ (ఫోర్కుల్ని పక్కలకి జరిపే అమరిక) తగిలించి ఉంటే సామర్థ్యం ఇంకా తగ్గుతుంది, దాని ప్లేటు వేరుగా ఉండాలి. నేలకి 15-20 సెం.మీ. ఎత్తులో, మాస్ట్ కాస్త వెనక్కి వంచి నడపండి. ఊగకుండా పెట్టెని చేత్తో పట్టుకుని పక్కన నడిచేవాళ్లు ఉండకూడదు. పాదాలు నలిగేది అక్కడే.

జవాబు 3
ఒక్కమాట కలుపుతాను. పక్కకి పడేది లోడు బండి మాత్రమే కాదు. ముందు రెండు చక్రాలు, వెనక ఇరుసు మధ్య పిన్ను కలిస్తే త్రికోణం. బరువుకేంద్రం దాని లోపల ఉన్నంతసేపే బండి నిలుస్తుంది. లోడు లేనప్పుడు బరువు వెనక సన్నటి కొసవైపు జరుగుతుంది, అందుకే ఖాళీ బండి వేగంగా మలుపు తిరిగితే ఒరుగుతుంది.

ఒరుగుతుంటే దూకకండి. దూకినవాళ్ల మీదే పైకప్పు చట్రం పడుతుంది. సీటుబెల్టు ముందే పెట్టుకుని ఉండాలి. స్టీరింగు గట్టిగా పట్టుకుని, పాదాలు అదిమి, బండి పడే వైపుకి కాకుండా రెండో వైపుకి వాలండి.