అప్‌డేట్: పాపని సందు చివరి సర్కారు బడిలోనే వేశాం

మొన్న అడిగాను కదా, గాజువాకలో మా సందు చివరి మున్సిపల్ ప్రైమరీ స్కూల్లో పిల్లలు తక్కువ, పాపని వేశాక బడి ఎత్తేస్తారేమోనని టెన్షన్‌గా ఉందని. వేసేశాం.

హెడ్‌మాస్టర్ మేడమ్ హాజరు పట్టీ చూపించారు. మొత్తం 41 మంది, టీచర్లు ఇద్దరు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీలో 60 మంది దాకా ఇద్దరుండాలి, కాబట్టి కాగితం మీద లెక్క సరిపోయింది, కానీ ఐదు తరగతుల్నీ ఇద్దరే లాగడం ఎలా ఉంటుందో గుమ్మం దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది, ఒకే గదిలో అటు మూడో తరగతి ఎక్కాలు, ఇటు ఒకటో తరగతి అఆలు.

సగం మంది పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ల పిల్లలు, కొందరిది ఒడిశా. పండక్కి ఊరెళ్తే ఎప్పుడొస్తారో తెలీదట, పట్టీలో పేరుంటుంది, మనిషి ఉండదు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదని చట్టంలోనే ఉందని మేడమే చెప్పారు (పాత ప్రైవేటు స్కూలు దాని కోసం మమ్మల్ని మూడుసార్లు తిప్పింది).

పాప పక్కన కూర్చునేది ఒడియా పిల్ల. నిన్న అన్నం తింటూ మాది "పాణి" కావాలంది.