సెంటర్ లైన్ దగ్గర అనుమానం వస్తే విజిల్ వేయాలా, వదిలేయాలా?

విక్టరీ గ్రౌండ్ గార్డ్
సిటీ బాస్కెట్‌బాల్ టోర్నీల్లో ఎప్పటికీ తెగని గొడవ ఇది. బంతిని సెంటర్ లైన్ దాటించి ఫ్రంట్ కోర్టులోకి (దాడి చేసే సగంలోకి) తెచ్చాక, అదే జట్టు తిరిగి బ్యాక్ కోర్టులోకి (తన సగంలోకి) తీసుకెళ్తే వయొలేషన్, అంటే రూల్ తప్పినట్టు. ఒక సందర్భం చెప్తా, తేల్చండి. గార్డ్ (బంతిని ముందుకు తెచ్చే ఆటగాడు) సైడ్ లైన్ వెంబడి డ్రిబుల్ చేస్తూ, అంటే బంతిని నేలకు కొడుతూ వస్తున్నాడు. ఎడమ పాదం సెంటర్ లైన్ దాటి ఫ్రంట్ కోర్టులో పడింది, కుడి మడమ ఇంకా గీత మీదే ఉంది. బంతి కూడా ఒకసారి ఫ్రంట్ కోర్టులో పడి లేచింది. డిఫెండర్ మీదికొచ్చేసరికి గార్డ్ బంతిని వెనక్కి లాక్కుని బ్యాక్ కోర్టులో డ్రిబుల్ చేశాడు. రిఫరీ విజిల్ వేశాడు. బంతి గీత దాటింది కదా, వయొలేషనే అని కొందరు, కానే కాదని కొందరు. రెండో ప్రశ్న: ఫ్రంట్ కోర్టు నుంచి బంతి వెనక్కి పోయింది, డిఫెండర్ వేలు చివరగా తగిలిందో (తగిలితే తప్పు కాదు) లేదో తెలియలేదు. అప్పుడు రిఫరీ ఏం చేయాలి?

ఐదు సెంటీమీటర్లు
మొదటిదాంట్లో వాదనకు చోటే లేదు అన్నా. మనం ఆడేది ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌తో. డ్రిబుల్ చేస్తూ దాటేవాడికి రెండు పాదాలు, బంతి, మూడూ ఫ్రంట్ కోర్టు నేలను తాకాలి. 5 సెంటీమీటర్ల గీత మొత్తం బ్యాక్ కోర్టు కిందే లెక్క. మడమ గీతను అంటుకుని ఉందంటే ఆ పాదం దాటనట్టే. విజిల్ తప్పు. కాకపోతే 8 సెకన్ల లెక్క (అంతలోగా బంతిని ఫ్రంట్ కోర్టులోకి తేవాలి) మాత్రం నడుస్తూనే ఉంటుంది, అది మర్చిపోవద్దు.

పరిగెత్తేవాడి రెండు పాదాలూ ఒకేసారి నేల మీద ఉండవు. అందుకే ముద్రలు లెక్కపెట్టుకోవాలి: ఒక పాదం పడింది, రెండో పాదం పడింది, బంతి పడింది. మూడో ముద్ర పడే దాకా అతను బ్యాక్ కోర్టులోనే ఉన్నట్టు. డ్రిబుల్ ఆపి బంతి పట్టుకుంటే ఇక పాదాలే చూడాలి, రెండూ పూర్తిగా ఫ్రంట్ కోర్టులో ఉన్నాయా అని. తప్పులన్నీ ఎక్కడొస్తాయంటే, కళ్ళు బంతి వెంట పోతాయి. చూడాల్సింది వెనకున్న మడమను.

రెండోదానికి నా జవాబు: చూసినదానికే విజిల్. చూడనిదానికి వేయకూడదు.

ఫుల్ కోర్ట్ ప్రెస్
అనుమానమొస్తే వదిలేయుడు అనే మాట ఇనంగనే నాకు మండుతది అన్నా. ప్రెస్ (కోర్టంతా మీద పడి ఒత్తిడి పెట్టుడు) ఆడించే కోచ్‌కు ఆ గీత ఆరో డిఫెండర్ లెక్క. గార్డ్‌ను గీత దాటనిచ్చి, దాటినంక మూలల ఇద్దరితోని మూస్తం. ముందు ఇద్దరు, పక్కకు సైడ్ లైన్, వెనక సెంటర్ లైన్. రిఫరీ విజిల్ మింగితే ఆ వెనక గోడ కూలినట్టే, పిల్లలు పడ్డ కష్టమంతా పాయె. అసలు చాలాసార్లు అనుమానం ఎందుకొస్తది? ట్రెయిల్ రిఫరీ (ఆట వెనక నుంచి వచ్చే రిఫరీ) ఉండాల్సిన చోట ఉండడు కాబట్టి!

ఐదు సెంటీమీటర్లు
ఆ చివరి మాట నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. అయితే అనుమానాలు రెండు రకాలు. పాదం గీత మీద ఉందా లేదా అన్నది నిలబడే చోటుతో తీరేది. ఆటగాడి వీపు వెనక నుంచి చూస్తే బూటు, గీత ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి, మధ్యలో సందు తెలియదు. గీత వెంబడి, పక్క నుంచి చూస్తే మడమకీ గీతకీ మధ్య రెండు వేళ్ళ సందున్నా కనిపిస్తుంది. కొలతల ప్రకారం సెంటర్ లైన్ రెండు పక్కలా సైడ్ లైన్ దాటి 15 సెంటీమీటర్లు బయటికి రావాలి. బయట నిలబడే రిఫరీకి ఆ ముక్కే చూపుకి ఆసరా. మన సిమెంట్ కోర్టుల్లో చాలాచోట్ల దాన్ని వేయనే వేయరు.

వేలు తగిలిందా అన్నది వేరే రకం. అక్కడ చేతిని కాదు, బంతి పోయిన దారిని చదవాలి. పాస్ ఇచ్చినవాడి మణికట్టు వదిలిన దిశ ఒకటి, బంతి పోయిన దిశ ఇంకొకటి అయితే మధ్యలో ఎవరో తాకారు. తిరుగుడు ఒక్కసారిగా మారినా అంతే. దారి ఏమాత్రం మారకుండా నేరుగా వెనక్కి పోయి, అక్కడ అదే జట్టువాడు తాకితే, ధైర్యంగా విజిల్ వేయాలి. అంతదాకా విజిల్ నోట్లోనే ఉంచుకుని ఒక్క క్షణం ఆగితే నష్టం లేదు. బంతి వెనక్కి పోవడమే తప్పు కాదు, అక్కడ ఎవరు ముందు తాకారన్నదాంతోనే తప్పు పూర్తవుతుంది. తొందరపడి వేసిన విజిల్‌ని మాత్రం వెనక్కి తీసుకోలేం, ఆట ఆగిపోయింది.

టేబుల్ అఫీషియల్
మీ ఇద్దరూ వదిలేసిన మెలిక ఒకటుంది. ఫ్రంట్ కోర్టులో డిఫెండర్ వేలు తగిలింది, అందరూ చూశారు. కానీ ఆ బంతి గార్డ్ మోకాలికో పిక్కకో కొట్టుకుని వెనక్కి పోయింది, గార్డే పోయి పట్టుకున్నాడు. ఇది వయొలేషన్. ఫ్రంట్ కోర్టులో చివరగా తాకింది గార్డ్ కాలే కదా. బెంచ్ మీద నుంచి "తగిలింది, తగిలింది" అని అరుస్తుంటారు. తగిలింది నిజమే, చివరగా తగిలింది అది కాదు.

డిఫెండర్ తాకి నేరుగా వెనక్కి పోతే ఆట సాగుతుంది. కొత్తగా 8 సెకన్లు మొదలవుతాయి, షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే 24 సెకన్ల గడియారం) మాత్రం తిరిగి 24కి వెళ్ళదు. చాలా గొడవలు మా టేబుల్ దగ్గరికి వచ్చేది ఈ ఒక్క కారణంతోనే.

విక్టరీ గ్రౌండ్ గార్డ్
త్రో-ఇన్ (గీత బయట నుంచి బంతిని లోపలికి వేయడం) సంగతి కూడా చెప్పండి సార్. ఫ్రంట్ కోర్టు నుంచి ఎగిరి గాల్లో పట్టుకుని, వెనక దిగితే? అమెరికా స్కూల్ మ్యాచ్‌ల వీడియోల్లో ఇది ఒప్పే అంటున్నారు.

టేబుల్ అఫీషియల్
వాళ్ళ హైస్కూల్ రూల్స్‌లో ఒప్పే. మనకు కాదు. ఫీబాలో త్రో-ఇన్ వేసేవాడి చేతికి బంతి అందగానే ఆ జట్టుకు కంట్రోల్ వచ్చేసినట్టు. మినహాయింపు ఉన్నది గాల్లో ఉండగా కొత్తగా కంట్రోల్ తెచ్చుకున్నవాడికే: ఎదుటి జట్టు పాస్‌ను అందుకున్నవాడికి, మొదటి జంప్ బాల్‌లో (ఆట మొదలెట్టడానికి రిఫరీ పైకి వేసే బంతి) పట్టుకున్నవాడికి. సొంత జట్టు త్రో-ఇన్ పట్టి గీత మీద దిగినా వయొలేషనే.

ఫుల్ కోర్ట్ ప్రెస్
బంతి దారి చదువుడు అన్నది బాగుంది, దానికి ఒప్పుకుంటున్న. కానీ ఇద్దరు రిఫరీల మ్యాచ్‌ల ప్రెస్ నడుస్తుంటే లీడ్ రిఫరీ (ఆట కంటే ముందు పోయే రిఫరీ) ఉరికి బాస్కెట్ కిందికి పోవుడు ఆపాలె. సెంటర్ లైన్ దాటి కొంచెం ముందట్నే ఆగితే అవతలి సైడ్ లైన్ పొంటి జరిగేది ఆయనకు కనబడతది. ట్రెయిల్ ఒక్కడే పది మంది కాళ్ళు చూడలేడు.

ఐదు సెంటీమీటర్లు
నిజం. మ్యాచ్‌కి ముందు ఇద్దరూ మాట్లాడుకోవాల్సిన మొదటి విషయం అదే. దాంతోపాటు నిర్వాహకులకు ఒక మాట: వెలిసిపోయిన గీత మీద కొత్త టేప్ వేసేటప్పుడు పాత అంచు బయటికి కనిపించకుండా చూడండి. రెండు అంచులుంటే ఆటగాడు ఒకదాన్ని చూసి అడుగేస్తాడు, రిఫరీ ఇంకోదాన్ని చూసి విజిల్ వేస్తాడు. ముందు పాతదాన్ని గీకేసి, ఆ తర్వాత టేప్ వేయండి, ఆ 15 సెంటీమీటర్లతో సహా.